లూయీ ఆండ్రీసెన్ సంగీతం: అపోహలు - వాస్తవాలు

నేను పియానో వాయిస్తాను. కచేరీలో డచ్ స్వరకర్త లూయీ ఆండ్రీసెన్ రచన ఉందంటే చాలు, అయ్యాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి ఆయన గురించి అవే మాటలు అంటారు. ఆయన 1939లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టారు, 2021లో పోయారు. ఆ దేశపు కొత్త సంగీతం గురించి మాటొస్తే ముందు తలుచుకునే పేర్లలో ఆయనది ఒకటి. జవాబులు ప్రతిసారీ నిలబడి చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: ఎవరికి తోచింది వాళ్లు బాదేయడమే.

'వర్కర్స్ యూనియన్' (1975) అనే రచన వల్ల వచ్చిన పేరిది. గట్టిగా మోగే వాయిద్యాలు ఏవైనా సరే అని రాశారు. స్కోర్‌లో, అంటే స్వరాలు రాసిన కాగితంలో, మామూలుగా ఉండే అయిదు గీతలు ఉండవు, ఒకటే గీత. చుక్క గీతకు పైన ఉంటే నీ వాయిద్యంలో పై స్వరం, కింద ఉంటే కింది స్వరం. ఏ స్వరమన్నది నీ ఇష్టం. ఇంతవరకు విన్నవాళ్లు 'ఓస్, ఇంతేనా' అంటారు.

కానీ లయ దగ్గర ఇసుమంత స్వేచ్ఛ కూడా లేదు. అందరిదీ ఒకే లయ, అక్షరం పొల్లుపోకుండా. మొదటి రిహార్సల్‌లో అందరూ ఆగిన చోట నేనొక్కణ్నే ధన్‌మనిపించాను. స్వరం తప్పితే ఎవరికీ తెలియదుగానీ, లెక్క తప్పితే హాలంతటికీ తెలుస్తుంది. పైగా స్వరాలు కూడా పూర్తిగా మన ఇష్టం కాదు. మోత కర్కశంగా ఉండాలన్నది ఆయన షరతు. అలవాటు కొద్దీ నా చెయ్యి చెవికి హాయిగా ఉండే శుభ్రమైన సి మేజర్ స్వరాల మీద పడగానే మిగతావాళ్లంతా తలలు తిప్పి నా వైపు చూశారు. ఆ ముక్కలో అపస్వరం అంటే అదే!

అపోహ: సంప్రదాయం తెలియని తిరుగుబాటుదారు.

1969 నవంబర్ 17న ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సర్ట్‌గెబౌ అనే సంగీతశాలలో కచేరీ జరుగుతుండగా టకటకలాడే బొమ్మలతో గోల చేసి ఆపించిన యువ స్వరకర్తల్లో ఆయనా ఉన్నారు. కొత్త సంగీతానికి చోటివ్వడం లేదన్నది వాళ్ల కోపం. వాళ్లకు 'నోటెన్‌క్రాకర్స్' అని పేరు పడింది. డచ్‌లో 'నోట్' అంటే గట్టి పెంకున్న కాయ, స్వరం కూడా.

అంతమాత్రాన సంగీతం తెలియక చేసిన పని కాదు. తండ్రి హెండ్రిక్ స్వరకర్త, అన్న యూరియాన్ స్వరకర్త. లూయీ హేగ్‌లో చదివి, తర్వాత ఇటలీ స్వరకర్త లుచానో బేరియో దగ్గర నేర్చుకున్నారు. రష్యాలో పుట్టిన స్వరకర్త స్ట్రావిన్‌స్కీ మీద మిత్రుడితో కలిసి ఏకంగా పుస్తకమే రాశారు. సింఫనీ ఆర్కెస్ట్రాలకు దూరంగా ఉండి, జాజ్ వాళ్లనీ క్లాసికల్ వాళ్లనీ కలిపి 'డె ఫోల్‌హార్డింగ్' అనే బృందం పెట్టారు. తమాషా ఏమిటంటే 2013లో అదే కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాకు 'మిస్టేరియెన్' రాసిచ్చారు.

అపోహ: అమెరికన్ మినిమలిజానికి డచ్ నకలు.

మినిమలిజం అంటే చిన్న చిన్న స్వరాల ముక్కల్ని పదేపదే వాయిస్తూ కట్టే సంగీతం. దాని ప్రభావం ఉంది, కాదనను. కానీ అమెరికన్ల సంగీతం చాలావరకు నీళ్లలా జారిపోతుంది, ఈయనది రాళ్లలా గుద్దుకుంటుంది. ఆయన రచన 'హోకెటస్' వినండి. ఒకేలాంటి రెండు బృందాలు వేదికకు అటూ ఇటూ ఉంటాయి. ఇటొక దెబ్బ, అటొక దెబ్బ. ఆ పేరు ఐరోపా మధ్యయుగాల సంగీతంలోని ఒక పద్ధతిది, మూలం ఎక్కిళ్లు అనే అర్థమున్న మాట. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం వంతులేసుకోవడం ఎరిగినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. కాకపోతే అక్కడ వంతుకు బోలెడు అక్షరాలు, ఇక్కడ ఒక్కటే. ఎదుటివాడి దెబ్బ కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతాం. టెన్షన్ అంటే అది.

అపోహ: 'డె స్టాట్' రాజకీయ నినాదం.

1976లో పూర్తయిన ఈ రచనకు పేరు 'రాజ్యం'. పాడేది ప్లేటో మాటలు, అదీ పాత గ్రీకులో. ఫలానా స్వరక్రమాలు వద్దు, ఫలానా వాయిద్యాలు వద్దు, సంగీతం మారితే రాజ్యపు చట్టాలే కదిలిపోతాయి అంటాడు ప్లేటో. ఆండ్రీసెన్ దాన్ని ఒప్పుకోలేదు, కానీ అది నిజమైతే ఎంత బాగుండేది అన్నారు. నినాదమైతే అందరికీ తెలిసిన భాషలో రాసుకునేవారు కదా! నాలుగేసి ఓబోలు, ట్రంపెట్లు, హార్న్‌లు, ట్రాంబోన్‌లు, రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్ గిటార్. వయొలిన్ ఒక్కటీ లేదు, దాని అక్క వయోలాలు నాలుగున్నాయి.

అపోహ: ఎప్పుడూ చెవులు చిల్లులే.

ఆయన 'డె తైట్' ('కాలం') వినని వాళ్ల మాట. అందులో కాలం నిలబడిపోయినట్టుంటుంది.

అపోహ: ఒకటే పదేపదే వాయించడం, ఏముంది కష్టం?

ఆయన రచన 'డె మటేరీ' ఒకే కార్డ్‌తో (కలిసి మోగే స్వరాల గుంపు) మొదలవుతుంది, 144 సార్లు. మొన్న సెలవులకు విజయవాడ వెళ్లినప్పుడు స్పీకర్లో పెట్టి, పెన్సిల్‌తో కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టుకుంటున్నాను. ముప్పై దాటాయో లేదో, వంటింట్లోంచి అమ్మ కేక: "ఒరేయ్, అది ఎక్కడో ఇరుక్కుపోయినట్టుంది, కాస్త చూడు!"

లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.