సంఖ్య పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

లెక్కల క్లాసులో బోర్డు మీద తొమ్మిది, పది అంకెల సంఖ్య రాయగానే పిల్లల ముఖాల్లో టెన్షన్ మొదలవుతుంది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ నేను గమనించింది ఏమిటంటే, సంఖ్య కంటే దాని గురించిన అపోహలే ఎక్కువ భయపెడతాయి.

అపోహ: సంఖ్య ఎంత పెద్దదైతే కారణాంకాలు (దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు) అంత ఎక్కువ.

వాస్తవం: 7,20,720నీ, 1,00,00,00,007నీ పక్కపక్కన రాయండి. రెండోది వెయ్యి రెట్లకు పైగా పెద్దది. కానీ అది ప్రధాన సంఖ్య, దానికున్నవి రెండే కారణాంకాలు: 1, అదే సంఖ్య. ఇప్పుడు మొదటిదాన్ని విడదీద్దాం. 7,20,720 అంటే 720 × 1001. 720లో నాలుగు 2లు, రెండు 3లు, ఒక 5 ఉన్నాయి. 1001 అంటే 7 × 11 × 13. ఒక కారణాంకం తయారు చేయడానికి 2ను అసలు తీసుకోకపోవచ్చు, లేదా ఒకటి నుంచి నాలుగు సార్ల దాకా తీసుకోవచ్చు, అంటే 5 దారులు. అలాగే 3కి 3 దారులు. మిగతా నాలుగింటికి తలా రెండు. గుణిస్తే 240 కారణాంకాలు! ఈ లెక్క మొదటిసారి తేలినప్పుడు పిల్లల కళ్లల్లో వచ్చే వెలుగు నాకు చాలా ఇష్టం.

అపోహ: వరుసగా ఏడెనిమిది సార్లు నిజమైతే ఆ నమూనా ఎప్పటికీ నిజమే.

వాస్తవం: 31, 331, 3331, 33331... ఇలా 3,33,33,331 దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇంకో 3 చేర్చి 33,33,33,331 చేయండి. అది 17 × 1,96,07,843. కాగితం మీద మీరే గుణించి చూడండి.

అపోహ: కారణాంకాలు దొరికితేనే అది సంయుక్త సంఖ్య (1 కంటే పెద్దదై, ప్రధాన సంఖ్య కానిది) అని చెప్పగలం.

వాస్తవం: ఇది చాలామంది టీచర్లకూ ఉన్న అపోహ. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫెర్మా చెప్పిన నియమం ప్రకారం, p ప్రధాన సంఖ్య అయితే 2ను p సార్లు రాసి అన్నింటినీ గుణించి, అందులోంచి 2 తీసేసినప్పుడు వచ్చేది p తో నిశ్శేషంగా భాగించబడాలి. 15తో చూడండి: 32,768 − 2 = 32,766. దీన్ని 15తో భాగిస్తే శేషం 6. అంటే 3, 5ల ఊసే లేకుండా 15 ప్రధాన సంఖ్య కాదని తేలిపోయింది.

అలాగే 2ను 67 సార్లు రాసి అన్నింటినీ గుణించి 1 తీసేస్తే 21 అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్య కాదని 1876లోనే ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లూకాస్ వేరే పరీక్షతో నిరూపించారు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని అమెరికన్ గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ చూపించింది 1903లో. మధ్యలో 27 ఏళ్లు!

ఫెర్మా పరీక్షలో నెగ్గితే ప్రధాన సంఖ్యే అనుకోకండి. 341 నెగ్గుతుంది, కానీ అది 11 × 31.