వడ్రంగి బల్లకు వైస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పట్టుకోవడమేగా, ఫిట్టర్ వైస్ అయినా వడ్రంగి వైస్ అయినా ఒకటే.

కాదు. వైస్ అంటే పని ముక్కను రెండు దవడల మధ్య స్క్రూతో బిగించి పట్టే సాధనం. ఇనుము పనికి వాడే ఫిట్టర్ వైస్ దవడలు బల్ల కంటే బాగా ఎత్తున ఉంటాయి. అందులో తలుపు రెక్కను బిగిస్తే చివర్లకు ఆధారం ఉండదు, చిత్రిక పడుతుంటే ఊగిపోతుంది. దవడల గళ్లు టేకు మీద కూడా అచ్చు వేస్తాయి. వడ్రంగి వైస్ బల్ల కింద బిగుస్తుంది, పలక బల్ల అంచుకు ఆనుకుని నిలుస్తుంది. ఇంట్లో ఉన్నది ఫిట్టర్ వైస్ ఒక్కటే అయితే గళ్ల పలకలు విప్పి, అవే రంధ్రాలకు 18 మి.మీ. చెక్కలు బిగించండి. చిన్న ముక్కలకు చాలు.

అపోహ: దవడ ఎంత వెడల్పుంటే పట్టు అంత గట్టిది.

పెట్టెలు, కుర్చీలకు 7 అంగుళాలు సరిపోతుంది. తలుపులు, కిటికీలు చేసేవాళ్లకు 9 మంచిది. పట్టు జారడానికి అసలు కారణం వేరే. స్క్రూ దవడ మధ్యలో ఉంటుంది. చెక్కను నిలువుగా ఒక పక్కన పెట్టి బిగిస్తే, ఖాళీగా ఉన్న పక్క లోపలికి వాలి, చెక్క ఒక అంచు మీదే నొక్కుకుంటుంది. రంపం వేయగానే తిరిగిపోతుంది. రెండో పక్కన అంతే మందం ముక్క పెట్టండి. 6, 12, 18, 25 మి.మీ. ముక్కలు చేసి, పైన అడ్డంగా చిన్న మేకు కొట్టి ఉంచుకుంటే దవడ మీద ఆనుకుంటాయి, కింద పడవు. నా దృష్టిలో ఖరీదైన వైస్ కంటే ఈ ముక్కలే ఎక్కువ పని చేస్తాయి.

అపోహ: దవడలు పైనా కిందా ఒకేసారి కలవాలి.

మెల్లగా మూసినప్పుడు పై అంచులే ముందు కలవాలి, బిగించాక కింద కూడా కలవాలి. పైన ఒకటి, కింద ఒకటి కాగితం ముక్క పెట్టి, మెల్లగా మూసి చూడండి: పైది చిక్కుకోవాలి, కిందిది జారాలి. తలకిందులుగా ఉంటే ముందు దవడకు తొడిగిన చెక్క వెనక, పై అంచున, సన్నని అట్ట పెట్టి మళ్లీ బిగించండి.

అపోహ: దవడ నున్నగా ఉంటే చెక్క తొడుగు అక్కర్లేదు.

చిత్రిక బ్లేడు ఇనుముకు తగిలితే ఆ పదును పోయినట్టే. ఇనప అంచు బల్ల పై తలానికి 12 మి.మీ. కిందికి ఉంచి, 20 మి.మీ. గట్టి చెక్క తొడుగును బల్ల పైకి సమంగా తీసుకురండి. స్క్రూ తలలు 5 మి.మీ. లోపలికి దిగాలి. వెనక దవడను బల్ల అంచులోకి తొలిచి దించితే తొడుగు ముఖం, బల్ల అంచు ఒకే గీతలో ఉంటాయి. పొడవాటి పలకకు ఇదే కీలకం. ఒక తొడుగు మీద తోలు అంటిస్తే మెత్తని చెక్క నొక్కుకుపోదు.

అపోహ: జారుతుంటే హ్యాండిల్‌కు పైపు తగిలించి బిగించాలి.

పోత ఇనుము వంగదు, చిట్లుతుంది. చేతి బిగువు చాలనప్పుడు తప్పు తొడుగులోనో, చెక్క పెట్టిన చోటులోనో ఉంటుంది.

అపోహ: నూనె ఎంత పోస్తే అంత మంచిది.

నూనెకు రంపపు పొట్టు అంటుకుని గట్టిపడుతుంది. క్విక్ రిలీజ్ వైస్‌లో (మీట నొక్కితే హ్యాండిల్ తిప్పకుండానే దవడ జరిగే రకం) అది, స్క్రూను ఒక పక్క నుంచి పట్టే సగం నట్టు మరల్లో చేరితే నట్టు పూర్తిగా కూర్చోదు. బ్రష్‌తో దులిపి, దవడను నడిపే కడ్డీలకు మైనం రుద్దండి.

అపోహ: కింది నుంచి నాలుగు స్క్రూలు బిగిస్తే వైస్ నిలుస్తుంది.

19 మి.మీ. ప్లైవుడ్ బల్లకైతే ఊడి వస్తుంది. 10 మి.మీ. బోల్టులు పైనుంచి ఆరపార వేసి, తలలు లోపలికి దించి, కింద వెడల్పు వాషర్లు పెట్టండి. బల్లకు, వైస్‌కు మధ్యలో పెట్టే చెక్క మందం ఇలా తీయాలి: దవడ పై అంచు నుంచి, బోల్టులు పట్టే వైస్ రెక్క వరకు 65 మి.మీ. ఉంటే, పైన వదిలే 12 కలిపి 77. బల్ల మందం 40 అయితే 37 మి.మీ. చెక్క కావాలి. కుడిచేతి వాళ్లయితే ఎడమ మూలన, బల్ల కాలికి దగ్గరగా బిగించండి.