అమెరికా వలస సంస్కరణలు ఎందుకు ఆగిపోతాయి? అపోహలు - వాస్తవాలు

వలస చట్టాల న్యాయవాదిగా అమెరికాలో నా పని చాలావరకు ప్రయారిటీ డేట్ల చుట్టూనే, అంటే గ్రీన్‌కార్డు (శాశ్వత నివాసం) క్యూలో ఎవరి స్థానం ఎక్కడో చెప్పే తేదీల చుట్టూనే తిరుగుతుంది. నెలనెలా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ ప్రకటించగానే ఫోన్లు మొదలవుతాయి. తమ తేదీ ఎన్ని వారాలు కదిలిందో, లేక ఎంత వెనక్కి పోయిందో చూసుకున్నాక తెలుగు క్లయింట్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆ గ్రీన్‌కార్డుల బిల్లు ఈసారైనా పాసవుతుందంటారా?" దీనికి జవాబు చట్టం పుస్తకాల్లో దొరకదు. ఏ ఓటు వేస్తే ఏ సభ్యుడి సీటుకు ముప్పు, సమస్య తీరడం కన్నా తీరకపోవడం ఏ పార్టీకి ఎక్కువ కలిసివస్తుంది అన్న లెక్కలో దొరుకుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వార్తలు సరిగ్గా ఈ లెక్కనే వదిలేస్తాయి. అందుకే నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: అడ్డుపడేది రిపబ్లికన్లే, డెమోక్రాట్లకు పూర్తి మెజారిటీ వస్తే చట్టం వచ్చేస్తుంది.

వాస్తవం: మనవాళ్లు ఏ చట్టం కింద హెచ్-1బి ఉద్యోగ వీసాపై వస్తున్నారో, ఏ చట్టం కింద ఏటా 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు కేటాయిస్తున్నారో, ఆ 1990 చట్టంపై సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్. అంతకు నాలుగేళ్ల ముందు, దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధ నివాసం కల్పించిన చట్టంపై సంతకం చేసింది రోనాల్డ్ రీగన్. 2007లో మరో రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సమగ్ర సంస్కరణ కోసం గట్టిగా ప్రయత్నించారు. సెనేట్‌లో చర్చ ముగించడానికి 60 ఓట్లు అవసరం కాగా 46 మాత్రమే వచ్చాయి. వ్యతిరేకించినవారిలో ఆయన సొంత పార్టీవారే ఎక్కువ. కానీ డెమోక్రాట్లూ డజనుకు పైగా ఉన్నారు, తాత్కాలిక కార్మికుల పథకం వల్ల స్థానికుల వేతనాలు పడిపోతాయన్న కార్మిక సంఘాల అభ్యంతరం వారిలో పలువురిపై బలంగా పనిచేసింది.

2009 ద్వితీయార్ధంలో డెమోక్రాట్ల పక్షాన సెనేట్‌లో 60 మంది ఉన్న కొద్ది నెలలూ ఆరోగ్య బీమా చట్టానికే సరిపోయాయి. 2010 డిసెంబరులో, చిన్నతనంలో అమెరికా వచ్చిన యువతకు ఉద్దేశించిన డ్రీమ్ యాక్ట్ 55 ఓట్ల దగ్గర ఆగిపోయింది. వ్యతిరేకంగా ఓటేసినవారిలో ఐదుగురు డెమోక్రాట్లు. ఆ ఐదు ఓట్లూ కలిసి ఉంటే లెక్క సరిగ్గా 60 అయ్యేది.

అపోహ: రెండు పార్టీల సభ్యుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటే బిల్లు పాసైనట్టే.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇది. 2012 అధ్యక్ష ఎన్నికల్లో తమ అభ్యర్థి మిట్ రామ్నీ ఓడిపోయాక రిపబ్లికన్ జాతీయ కమిటీ ఆ ఓటమిని సమీక్షించి, సమగ్ర వలస సంస్కరణను సమర్థించాలని 2013 మార్చిలో తన పార్టీకే సలహా ఇచ్చింది. ఆ ఏడాది జూన్ 27న, రెండు పార్టీలకు చెందిన ఎనిమిది మంది సెనేటర్లు రూపొందించిన బిల్లు 68-32 ఓట్లతో సెనేట్‌లో నెగ్గింది. అందులో మనకు సంబంధించిన అంశాలు రెండున్నాయి. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి పోతుంది; భార్యాపిల్లలకు ఇచ్చే కార్డులను మొత్తం కోటాలో లెక్కించరు. ఇవి అమలై ఉంటే ఈరోజు నా అలమారలో ఉన్న ఫైళ్లలో చాలా ఎప్పుడో ముగిసిపోయేవి.

ప్రతినిధుల సభలో ఆ బిల్లుపై ఓటింగే జరగలేదు. ఓడిపోతుందని కాదు, డెమోక్రాట్లతో పాటు కొందరు రిపబ్లికన్లు కలిస్తే నెగ్గే అవకాశం ఉండబట్టే స్పీకర్ జాన్ బేనర్ దాన్ని సభ ముందుకు తేలేదని నా అభిప్రాయం. సొంత పార్టీ సభ్యుల్లో అధికసంఖ్యాకులు కోరని బిల్లును సభలో పెట్టకూడదన్నది అక్కడి రిపబ్లికన్ నాయకత్వం పాటిస్తూ వచ్చిన అలిఖిత నియమం. దాన్ని దాటితే స్పీకర్ పదవికే ఎసరు. ఇక ఆ సభ్యుల సంగతి చూస్తే, వారిలో చాలామంది నియోజకవర్గాలు ఒకే పార్టీకి కంచుకోటలు. అక్కడ అసలు పోటీ నవంబరు ఎన్నికల్లో కాదు, కొద్దిమంది పట్టుదలగల ఓటర్లు పాల్గొని పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఉంటుంది. దేశమంతటా పార్టీకి మేలు చేసే ఓటే సభ్యుడికి తన నియోజకవర్గంలో ముప్పు తెస్తుంది. 2014 జూన్ 10న సభలో రెండో స్థానంలో ఉన్న నాయకుడు ఎరిక్ క్యాంటర్, వలస అంశాన్నే ప్రధానాస్త్రంగా చేసుకున్న డేవ్ బ్రాట్ అనే ప్రొఫెసర్ చేతిలో వర్జీనియా ప్రైమరీలో ఓడిపోవడంతో ఆ భయం అందరికీ కళ్లెదుట నిలిచింది. ఆ నెల ముగిసేలోపే, ఈ ఏడాది ఓటింగ్ ఉండదని బేనర్ తనకు చెప్పినట్టు అధ్యక్షుడు ఒబామా ప్రకటించారు.

అపోహ: మనది చట్టబద్ధ వలస, దానికి ప్రత్యేకంగా బిల్లు పెడితే ఎవరూ అడ్డుచెప్పరు.

వాస్తవం: ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఉన్నత విద్యార్హతలున్నవారికి ఉద్దేశించిన ఈబీ-2 విభాగం లెక్క ఒకసారి చూడండి. 1,40,000లో ఆ విభాగం వాటా సుమారు 40,000. అందులో 7 శాతం అంటే దాదాపు 2,800. నలుగురున్న కుటుంబం నాలుగు నంబర్లు వాడుకుంటుంది కాబట్టి, ఇతర దేశాల వారు వాడుకోకుండా మిగిలినవి కలిస్తే తప్ప, భారతదేశం మొత్తానికి ఏడాదికి ఏడు వందల కుటుంబాలు. ఈ దేశవారీ పరిమితిని తీసేసే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. మర్నాడు పొద్దున ఒక తల్లి నాకు ఫోన్ చేసి, "ఇక పాప కాలేజీకి ఎఫ్-1 స్టూడెంట్ వీసా అక్కర్లేదుగా అండీ?" అని అడిగారు. ఆ పాప నాలుగేళ్ల వయసులో ఖమ్మం నుంచి వచ్చింది. అప్పటికి ఆమెకు పందొమ్మిది. 21 దాటితే తల్లిదండ్రుల దరఖాస్తులో ఆమెకు చోటుండదు.

సెనేట్‌లో ఆ బిల్లుకు అటు రిపబ్లికన్ల నుంచి, ఇటు డెమోక్రాట్ అయిన డిక్ డర్బిన్ నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి ఒక్కటే తీసేస్తే ఇతర దేశాల వారి నిరీక్షణ పెరుగుతుందన్న డర్బిన్ వాదనలో నిజముంది, మనం ఒప్పుకోవాలి. మార్పులతో 2020 డిసెంబరు 2న సెనేట్ ఆమోదించినా, రెండు సభల పాఠాలూ ఒకటి కాకముందే ఆ కాంగ్రెస్ (రెండు సభలు కలిసిన అమెరికా చట్టసభ) గడువు తీరింది.

దీని వెనుక మరో లెక్క ఉంది. నైపుణ్య వలస అంటే వ్యాపార సంస్థలకు ఇష్టం. ఆ భాగాన్ని విడిగా పాస్ చేస్తే, పత్రాలు లేని వలసదారుల భాగానికి వ్యాపారవర్గాల మద్దతు మళ్లీ దొరకదని డెమోక్రాట్లలో చాలామంది భయం. సైన్సు, ఇంజనీరింగ్ పట్టభద్రులకు గ్రీన్‌కార్డులు ఇచ్చే బిల్లు 2012 నవంబరులో రిపబ్లికన్ల ఆధిక్యంలోని ప్రతినిధుల సభలో 245-139తో నెగ్గినప్పుడు డెమోక్రాట్లలో అత్యధికులు వ్యతిరేకించారు. అది డైవర్సిటీ లాటరీ వీసాలను (హెచ్-1బి లాటరీ కాదు, అమెరికాకు వలస తక్కువగా ఉన్న దేశాల వారికి ఇచ్చేవి) రద్దు చేసి వాటి స్థానంలో ఈ కార్డులు ఇచ్చేది. మన క్యూ ఇలా పెద్ద బేరంలో తాకట్టు వస్తువుగా మిగిలింది. పైగా ఆ క్యూలో నిలబడ్డవారికి ఓటు లేదు.

అపోహ: 2024 సరిహద్దు బిల్లుతో మనకేమీ సంబంధం లేదు, అందులోని లోపాల వల్లే అది పడిపోయింది.

వాస్తవం: సెనేటర్లు జేమ్స్ లాంక్‌ఫర్డ్, క్రిస్ మర్ఫీ, కిర్‌స్టెన్ సినిమా నెలల తరబడి చర్చించి రాసిన ఆ బిల్లులో ఐదేళ్లపాటు ఏటా అదనంగా 18,000 ఉద్యోగ ఆధారిత వీసాలు, హెచ్-1బి తల్లిదండ్రుల పిల్లలు 21 దాటినా అర్హత కోల్పోకుండా రక్షణ ఉన్నాయి. పాఠం బయటికొచ్చిన మూడు రోజులకే, ఫిబ్రవరి 7న, సెనేట్‌లో 49-50తో ఆగిపోయింది. లోపాలున్నాయని ఇరువైపులా అన్నారు. కానీ ఎన్నికల ఏడాదిలో సరిహద్దు సమస్యను చల్లార్చవద్దన్న ఒత్తిడే నిర్ణాయకమని నేను భావిస్తాను. దాన్ని తిరస్కరించమని డొనాల్డ్ ట్రంప్ బహిరంగంగానే కోరారు. మే నెలలో డెమోక్రాట్ నాయకత్వం అదే బిల్లును, నెగ్గదని తెలిసీ, మళ్లీ ఓటింగుకు పెట్టింది. వ్యతిరేకించినవారి పేర్లు ప్రచారంలో చూపడానికి అది పనికొస్తుంది.

అపోహ: అధ్యక్షుడు ఒక్క సంతకంతో క్యూ తగ్గించగలరు.

వాస్తవం: 2015లో హెచ్-4పై ఉన్న, అంటే హెచ్-1బి ఉద్యోగుల, జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి వచ్చింది నిబంధన ద్వారా, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము వచ్చింది అధ్యక్ష ప్రకటన ద్వారా. కానీ 1,40,000 అన్న సంఖ్యనూ 7 శాతాన్నీ మార్చే అధికారం కాంగ్రెస్‌దే.

ఇంకొక్క విషయం. ఏ బిల్లయినా రెండేళ్ల కాంగ్రెస్ ముగిసేలోపు చట్టం కాకపోతే అక్కడితో చచ్చిపోతుంది. మళ్లీ మొదటి నుంచి ప్రవేశపెట్టాలి. ఖమ్మం అమ్మాయి విషయంలో నేను ఆ తల్లికి బిల్లు కోసం ఆగవద్దని చెప్పాను. ఇరవై ఒకటి నిండడానికి చాలా నెలల ముందే ఎఫ్-1 దరఖాస్తు పంపాం. ఆమె చదువు ఆగలేదు. తండ్రి ప్రయారిటీ డేట్ మాత్రం ఆమె పట్టా తీసుకునే నాటికీ కరెంట్ కాలేదు, అంటే ఆయన వంతు రాలేదు.