1986లో మారిన లెక్క: అమెరికా డౌన్‌టౌన్ పాత భవనాలూ ప్రజల డబ్బూ

కోవిడ్ తర్వాత అమెరికా నగరాల నడిబొడ్డున ఆఫీసులు ఖాళీ అయ్యాయి. వాటిలో వందేళ్ల కిందట కట్టినవి చాలానే ఉన్నాయి. వాటిని అపార్ట్‌మెంట్లుగానో హోటళ్లుగానో మార్చాలంటే ప్రభుత్వం ఓ చెయ్యి వెయ్యక తప్పదని బిల్డర్లు, డౌన్‌టౌన్ వ్యాపార సంఘాలు అంటున్నాయి. ఎవరో సొంతదారుడి ఆస్తికి జనం డబ్బు ఎందుకు పెట్టాలి, స్కూళ్లకు రావలసిన పన్ను ఎందుకు వదులుకోవాలి అని రెండో పక్షం అడుగుతోంది. సిటీ కౌన్సిళ్లలో ఈ గొడవ మళ్లీ రాజుకుంది.

న్యూయార్క్‌లో పెన్ స్టేషన్‌ను కూల్చడం, దాని తర్వాత 1966లో వచ్చిన పరిరక్షణ చట్టం అందరికీ తెలిసిన కథే. దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఇవాళ్టి గొడవకు దానితో సంబంధం తక్కువ. డబ్బు ఇవ్వాలా వద్దా అని రెండు పక్షాలూ కొట్టుకుంటున్నాయి గానీ, ఆ డబ్బు ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా భవనానికి చేరాలన్నది 1986లోనే తేలిపోయింది. అదీ పాత భవనాల గురించి ఎవరూ పెద్దగా ఆలోచించని ఒక పన్ను చట్టంలో.

ఆ చట్టం ఏం చెడగొట్టిందో తెలియాలంటే అంతకుముందు పదేళ్లు చూడాలి. 1976 దాకా అమెరికా పన్ను నిబంధనలు కొత్త కట్టడాలవైపే మొగ్గేవి. పాతది కూల్చితే ఆ ఖర్చును ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్తది కడితే తరుగుదలను, అంటే భవనం విలువ ఏటా తగ్గినట్టు చూపే ఖర్చును, త్వరగా రాసుకోవచ్చు. 1976 చట్టం చారిత్రక భవనాల విషయంలో దీన్ని తిరగేసింది. కూల్చివేత ఖర్చుకు మినహాయింపు తీసేసి, బాగుచేత ఖర్చును 60 నెలల్లో రాసుకోనిచ్చింది. 1978లో 10 శాతం క్రెడిట్ వచ్చింది. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని ఏకంగా 25 శాతానికి పెంచింది. చారిత్రక గుర్తింపు లేకపోయినా 40 ఏళ్లు దాటితే 20 శాతం, 30 ఏళ్లు దాటితే 15 శాతం ఇచ్చింది. క్రెడిట్ అంటే ఆదాయంలో మినహాయింపు కాదు, కట్టాల్సిన పన్నులోంచే నేరుగా కోత. కోటి డాలర్ల అర్హమైన పని చేస్తే 25 లక్షల డాలర్ల పన్ను తప్పినట్టే.

ఆ అయిదారేళ్లు డౌన్‌టౌన్లకు పండగే. బిల్డరు ఒక పార్ట్‌నర్‌షిప్ పెట్టేవాడు, ఊళ్లో డాక్టర్లు, డెంటిస్టులు, లాయర్లు తలా కొంత డబ్బు వేసేవారు, క్రెడిట్ పంచుకునేవారు. మిస్సోరి రాష్ట్రంలో 1894 నాటి సెయింట్ లూయిస్ యూనియన్ స్టేషన్ హోటల్‌గా, షాపింగ్ కేంద్రంగా 1985లో తిరిగి తెరుచుకున్నది ఈ ఊపులోనే. 1984లో ఒక్క ఏడాదే మూడు వేలకు పైగా పనులకు ఆమోదం దొరికింది. వాటిలో చిన్న ఊళ్ల మెయిన్ స్ట్రీట్ మీది రెండంతస్తుల కొట్లూ ఉన్నాయి. దుర్వినియోగం లేదని కాదు. పన్ను ఎగ్గొట్టడానికే కాగితం మీద నష్టాలు చూపించే పార్ట్‌నర్‌షిప్‌లు ఆ రోజుల్లో పుట్టగొడుగుల్లా వచ్చాయి. పాత భవనాలకు వాటితో సంబంధం కొంతే.

1986 పన్ను సంస్కరణ ఆ నష్టాల వ్యాపారం మీదికే వచ్చింది. స్వయంగా నడపని వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని, క్రెడిట్‌ను జీతం మీద, ప్రాక్టీసు ఆదాయం మీద పడే పన్నులోంచి తగ్గించుకోకూడదని నియమం పెట్టింది. పనిలో పనిగా 25 శాతాన్ని 20కి దించింది. 1936కు ముందు కట్టిన, చారిత్రక గుర్తింపు లేని భవనాలకు 10 శాతం మిగిల్చింది. పాత భవనాల క్రెడిట్‌కు చిన్న సందు ఒకటి వదిలింది. 25,000 డాలర్ల ఆదాయం మీద పడే పన్నుకు సమానమైనంత వరకు వాడుకోవచ్చు. 28 శాతం పన్ను రేటులో అది ఏడాదికి 7,000 డాలర్లు. పైగా ఆదాయం రెండు లక్షల డాలర్లు దాటితే అదీ తరిగిపోతూ, రెండున్నర లక్షల దగ్గర సున్నా అవుతుంది. అంటే పెట్టుబడి పెట్టగల స్తోమత ఉన్న డాక్టరుకే సరిగ్గా తలుపు మూసుకుంది.

శాతం తగ్గిందని అప్పట్లో అందరూ బాధపడ్డారు. అసలు దెబ్బ అది కాదు. 1993 నాటికి ఏడాదికి ఆమోదం పొందే పనులు ఆరు వందల లోపుకు పడిపోయాయి. 25కు బదులు 20 ఇచ్చినందుకు మూడు వేలు ఆరు వందలు కావు. క్రెడిట్ కోసం డబ్బు పెట్టేవాళ్లు మాయమయ్యారు. రియల్ ఎస్టేటే వృత్తిగా ఉన్నవాళ్లకు 1993 చట్టం కొంత మినహాయింపు ఇచ్చింది గానీ ఊళ్లోని చిన్న ఇన్వెస్టర్ మళ్లీ రాలేదు.

1986 నియమం వర్తించనివి పెద్ద కంపెనీలు, బ్యాంకులు. పేదల అద్దె ఇళ్ల క్రెడిట్ కూడా 1986 చట్టంలోనే పుట్టింది. దాన్ని కొనిపెట్టే మధ్యవర్తుల సంస్థలు తయారయ్యాయి, పాత భవనాల క్రెడిట్ కూడా నెమ్మదిగా వాటి చేతికే వచ్చింది. ఫెడరల్ క్రెడిట్‌ను నేరుగా అమ్మడానికి వీల్లేదు. భవనంలో వాటాదారుకే దక్కుతుంది. అందుకని బ్యాంకు కాగితం మీద 99 శాతం వాటాదారు అవుతుంది, క్రెడిట్ తీసుకుంటుంది, పని పూర్తయ్యాక అయిదేళ్లలోపు భవనం అమ్మితే క్రెడిట్ వెనక్కి కట్టాలి కాబట్టి గడువు తీరేదాకా ఆగి పక్కకు తప్పుకుంటుంది. దీనికి లాయర్లు, అకౌంటెంట్లు, ఆడిట్లు, ఒప్పందాల కట్టలు. ఈ ఖర్చు భవనం సైజును బట్టి పెద్దగా మారదు. అయిదు కోట్ల డాలర్ల హోటల్‌కు అది లెక్కలోకి రాదు. అయిదు లక్షల డాలర్ల కొట్టుకు క్రెడిట్టే లక్ష. అందులో సగం కాగితాలకే పోతే యజమాని ఆ జోలికే పోడు. మెయిన్ స్ట్రీట్ పేరు చెప్పి అడిగే సాయం ఎక్కువగా పెద్ద భవనాలకే చేరడానికి కారణం ఇది. కుట్ర ఏమీ లేదు.

ఈ వాటాదారు వేషం ఎంత పల్చనిదో అట్లాంటిక్ సిటీ కేసులో బయటపడింది. సముద్రతీరాన 1929లో కట్టిన బోర్డ్‌వాక్ హాల్‌ను న్యూజెర్సీ ప్రభుత్వ సంస్థ ఒకటి బాగుచేయించింది. ప్రభుత్వ సంస్థకు పన్నే లేదు, క్రెడిట్ దేనికి? పిట్నీ బోవ్స్ అనే కంపెనీని భాగస్వామిగా తెచ్చి ఆ క్రెడిట్ ఇచ్చింది, బదులుగా పెట్టుబడి తీసుకుంది. ఆ కంపెనీకి నష్టం రాకుండా హామీలు, లాభంలో నిజమైన వాటా లేకుండా షరతులు. ఇది భాగస్వామ్యం కాదు, క్రెడిట్ అమ్మకమే అని పన్నుల శాఖ వాదించింది. ట్యాక్స్ కోర్టు ఒప్పుకోలేదు గానీ, 2012లో అప్పీల్ కోర్టు పన్నుల శాఖ మాటే నెగ్గించింది. మరుసటేడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. పెట్టుబడిదారులు జంకారు, ఒప్పందాలు ఆగాయి. చివరికి ఏ షరతులు పాటిస్తే తాము అభ్యంతరం చెప్పమో చెబుతూ పన్నుల శాఖే 2014 నియమావళి ఇచ్చింది. ఆ నియమాల ప్రకారం రాసిన ఒప్పందాలు ఇంకా లావయ్యాయి. ఆ ఫీజులూ భవనానికి అందాల్సిన సొమ్ములోంచే పోవాలి.

2017 మరో మెలిక. ట్రంప్ పన్ను చట్టంలో ప్రతినిధుల సభ ఈ క్రెడిట్‌ను పూర్తిగా ఎత్తేసింది. బడ్జెట్‌లో కేటాయింపుగా కనపడకుండా జారిపోయే ఖర్చు ఇది అన్న వాదన పన్ను సంస్కర్తలది, అది తీసిపారేయదగ్గది కాదు. సెనేట్‌లో లూసియానా సెనేటర్ బిల్ కాసిడీ సవరణతో 20 శాతం నిలిచింది. షరతు ఒకటే, ఒకేసారి కాక ఏడాదికి 4 శాతం చొప్పున అయిదేళ్లలో తీసుకోవాలి. 10 శాతం క్రెడిట్ మాత్రం పోయింది. కాపాడుకున్నాం అని పరిరక్షణ సంఘాలు సంబరపడ్డాయి. కానీ లెక్క వెయ్యండి. కోటి డాలర్ల పనికి 20 లక్షల క్రెడిట్. దాన్ని మొదటి వాయిదా వెంటనే, మిగతావి ఏడాదికొకటి, నాలుగు లక్షల చొప్పున ఇస్తే, ఏడు శాతం వడ్డీ లెక్కన ఇవాళ్టి విలువ సుమారు 17.5 లక్షలే. ఖజానా వదులుకునేది 20 లక్షలు. బ్యాంకు ఇచ్చేది ఆ 17.5 కన్నా కూడా తక్కువే, తన లాభం తనకుండాలి కదా. మధ్యవర్తి ఫీజు పోగా మిగిలిందే ఇటుకలకు, కిటికీలకు చేరేది.

ఆ తరుగును ఎవరో పూడ్చాలి. మొదట రాష్ట్రాలు ముందుకొచ్చాయి. 1998లో మిస్సోరి 25 శాతం సొంత క్రెడిట్ పెట్టింది, దాన్ని నేరుగా అమ్ముకోనిచ్చింది. సెయింట్ లూయిస్ వాషింగ్టన్ అవెన్యూలో బట్టల, చెప్పుల గోదాములు లాఫ్ట్ ఇళ్లయ్యాయంటే చాలావరకు దాని చలవే. ఖర్చు పెరిగేసరికి శాసనసభ ఏడాదికి 14 కోట్ల డాలర్ల పరిమితి పెట్టింది, 2018లో దాన్ని 9 కోట్లకు దించి, పేద ప్రాంతాలకు విడిగా 3 కోట్లు ఉంచింది. అదే సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్‌లో 1914 నాటి రైల్వే ఎక్స్‌ఛేంజ్ భవనం, 2013లో మేసీస్ దుకాణం మూతపడ్డాక, ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. అంత పెద్ద భవనానికి రెండు క్రెడిట్లు కలిపినా లెక్క కుదరడం కష్టం.

ఇక మిగిలింది నగరాల పన్ను. టిఫ్ అనే పద్ధతి 1952లో కాలిఫోర్నియాలో పుట్టింది. ప్రాజెక్టు వల్ల ఆస్తి విలువ పెరిగితే, పెరిగిన విలువ మీద వచ్చే పన్నును కొన్నేళ్లపాటు ఆ ప్రాజెక్టుకే మళ్లిస్తారు. ఆ పన్నులో పెద్ద వాటా సాధారణంగా స్కూళ్లది. 'ఈ సాయం లేకపోతే ఈ భవనం బాగుపడేది కాదు' అని బిల్డరు నిరూపించాలి గానీ, ఆ నివేదిక తరచూ బిల్డరు డబ్బుతోనే తయారవుతుంది. కాలిఫోర్నియా 2012లో టిఫ్‌తో నడిచే పునరాభివృద్ధి సంస్థలనే మూసేసింది. పన్ను రాయితీ ఒప్పందాల వల్ల ఎంత ఆదాయం పోతోందో స్థానిక ప్రభుత్వాలు ఖాతాల్లో చూపించాలని ప్రభుత్వ ఖాతాల ప్రమాణాల బోర్డు 2015లో నియమం తెచ్చింది. అప్పటినుంచి స్కూల్ బోర్డుల చేతిలో అంకెలున్నాయి. వాళ్ల గొంతు పెరిగింది అందుకే.

1976 నుంచి ఈ క్రెడిట్ వల్ల 10,000 కోట్ల డాలర్లకు పైగా ప్రైవేటు పెట్టుబడి వచ్చిందని సమర్థకులు చెబుతారు. అంకె తప్పు కాదు. అందులో ఎంత ఎలాగూ వచ్చేదో మాత్రం అది చెప్పదు.

నేరుగా చెక్కు ఇచ్చే పద్ధతీ అమెరికాకు కొత్త కాదు. సముద్రంలో చమురు తవ్వకాల ఆదాయంతో నడిచే చారిత్రక పరిరక్షణ నిధి 1976 నుంచే ఉంది. 2018లో మొదలైన పాల్ బ్రూన్ గ్రాంట్లు గ్రామీణ ఊళ్ల పాత భవనాలకు ఆ నిధి నుంచే వెళ్తాయి. పన్నే కట్టని చిన్న యజమానికి కూడా అందే డబ్బు అది. మధ్యలో బ్యాంకు వాటా లేదు. కానీ ప్రతి ఏడాదీ కాంగ్రెస్ మంజూరు చేయాలి, అంకె బడ్జెట్‌లో బయటికి కనపడుతుంది. రాజకీయ నాయకులకు క్రెడిట్టే సుఖం.

ఈ మధ్య కాంగ్రెస్ ముందుకొచ్చిన బిల్లులు అయిదేళ్ల షరతు తీసేయాలని, చిన్న పనులకు శాతం పెంచాలని అడుగుతున్నాయి. మొదటిది జరిగితే బ్యాంకులు ఇచ్చే ధర పెరుగుతుంది. రెండోది జరిగితే కొట్టు యజమానికి కాగితాల ఖర్చు పోగా కొంత మిగలవచ్చు. 1986లో డాక్టరుకు మూసిన తలుపు మాత్రం ఆ బిల్లుల్లో తెరవడం లేదు. సిటీ కౌన్సిళ్లలో ఒక్కో భవనానికి టిఫ్ ఓటింగు ఈలోగా సాగుతూనే ఉంది.