డియాన్ ముఖం ఏది?

పదహారో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు రెండో హెన్రీ ప్రియురాలు డియాన్ ద ప్వాతియే. ఆమె బొమ్మ కోసం వెతికితే ఒక్కో చోట ఒక్కో మనిషి కనిపిస్తుంది. ఒకచోట విల్లు పట్టుకుని, పక్కన కుక్కతో అడవిలో నడిచిపోతున్న నగ్న దేవత. ఇంకోచోట తెల్లటి గుడ్డ పరిచిన తొట్టిలో కూర్చున్న దొరసాని. మరోచోట జింక మెడ చుట్టూ చెయ్యి వేసి పడుకున్న పాలరాతి విగ్రహం. ముక్కులు కలవవు, గడ్డాలు కలవవు. పేరు మాత్రం అందరికీ ఒకటే పెట్టేశారు. ఈ గందరగోళం వెనక చాలావరకు డియాన్ చెయ్యే ఉంది.

1515లో, పదిహేనేళ్ల వయసులో ఆమెకు పెళ్లయింది. భర్త లూయీ ద బ్రెజే నార్మండీలో రాజుగారి పెద్ద అధికారి, ఆమెకంటే దాదాపు నలభై ఏళ్లు పెద్ద. 1524లో ఆమె తండ్రి రాజద్రోహం కేసులో ఇరుక్కుని వధ్యస్థలం దాకా వెళ్లాడు. ఆఖరి నిమిషంలో క్షమాభిక్ష వచ్చింది. ఆ కుట్ర సంగతి రాజుకు చేరవేసింది స్వయానా అల్లుడేనట. మామను పట్టించిన ఆ అల్లుడు 1531లో పోయాడు. రువాన్ కేథడ్రల్లో భర్తకు గొప్ప సమాధి కట్టించి, ఆ తర్వాత డియాన్ నలుపు, తెలుపు బట్టలకే కట్టుబడింది.

యువరాజు హెన్రీ ఆమెకంటే పంతొమ్మిదేళ్లు చిన్న. తండ్రి మొదటి ఫ్రాన్సిస్ యుద్ధంలో ఓడి స్పెయిన్‌కు బందీగా చిక్కితే, ఆయన్ను విడిపించడానికి 1526లో ఏడేళ్ల హెన్రీని, అతని అన్నను బదులుగా పంపారు. తిరిగొచ్చేసరికి నాలుగేళ్లు గడిచాయి. 1533లో కేథరీన్ ద మెడిసితో పెళ్లయింది. కానీ కొన్నేళ్లకే అతని మనసు డియాన్ దగ్గర స్థిరపడి, చచ్చేదాకా కదల్లేదు. పెళ్లయి పదేళ్లయినా కేథరీన్‌కు పిల్లలు పుట్టకపోతే, హెన్రీని భార్య గదికి పంపింది కూడా డియానే అంటారు. అందులో జాలి ఎంతో లెక్క ఎంతో గానీ, లెక్కే ఎక్కువని నా అనుమానం. కేథరీన్‌ను గొడ్రాలని పంపించేసి ఇంకో రాణిని తెస్తే, ఆ వచ్చే ఆమె ఇంత మెత్తగా ఉంటుందన్న గ్యారంటీ ఏముంది?

ఇక్కడే పేరు కలిసొచ్చింది. డియాన్ అంటే ఫ్రెంచిలో డయానానే. రోమన్ల పురాణాల్లో డయానా వేట దేవత, చంద్రుడి దేవత, అన్నిటికీ మించి కన్య. మగవాడు తన వంక చూస్తేనే సహించని దేవత. రాజుగారి ఉంపుడుగత్తె అనిపించుకోకుండా ఉండాలనుకునే వితంతువుకు ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. నెలవంకను తన గుర్తుగా పెట్టుకుంది. హెన్రీ కూడా నలుపు, తెలుపు రంగులే వేసుకునేవాడు. గోడల మీద, తలుపుల మీద హెచ్, డి అక్షరాలు పెనవేసి చెక్కించాడు. ఆ డి వంపుల్ని కావాలంటే కేథరీన్ పేరులోని సి అని కూడా చదువుకోవచ్చు. ఎవరికి ఏది చెప్పాలో అది చెప్పుకునే వెసులుబాటన్నమాట.

1547లో హెన్రీ రాజయ్యాడు. షేర్ నది ఒడ్డున ఉన్న షెనాన్సో కోట ఆమెకు ఇచ్చాడు, మరుసటి ఏడాది వాలెంతినువా డచెస్‌ను చేశాడు. ఆనే ఊళ్లో భర్త వైపు నుంచి వచ్చిన చోట, ఫిలిబెర్ ద లోర్మ్ అనే వాస్తుశిల్పితో ఆమె కొత్త కోట కట్టించింది. జింకను వాటేసుకున్న పాలరాతి డయానా అక్కడిదే, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. జాన్ గూజోన్ చెక్కాడని చాలాకాలం చెప్పుకున్నారు, కానీ శిల్పి ఎవరో తేలలేదు. ఆనే గుమ్మం పైన బిగించిన కంచు వనకన్యనైతే ఇటలీ శిల్పి చెల్లీని అసలు డియాన్ కోసం చెయ్యనేలేదు. ఫోంతెన్‌బ్లో కోట కోసం ఫ్రాన్సిస్ చేయించినది, తర్వాత ఆనేకు చేరింది. జింక తల పక్కన పడుకున్న ఆడమనిషి కాబట్టి ఆ ఇంటికి సరిగ్గా సరిపోయింది. దేవతను చూస్తే డియాన్ గుర్తుకు రావాలి, ఇది డియానేనా అని ఎవరైనా నిలదీస్తే కాదు దేవత అనాలి. ఈ ఏర్పాటు ఎంత బాగా పనిచేసిందంటే, లూవ్ర్‌లోని వేట దేవత పటాన్ని కూడా ఆమె బొమ్మేనని తరతరాలు నమ్మాయి.

తొట్టిలో దొరసాని కథ వేరు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ పటం మీద ఫ్రాన్స్వా క్లూయే సంతకం ఉంది. ముందు పళ్లు, వాటికోసం చెయ్యి చాపే పిల్లవాడు, వెనక పాలిస్తున్న దాది. అందులో ఉన్నది డియానేనని చాలామంది రాశారు. కానీ ఆ పటం 1571 ప్రాంతానిదని అంచనా. డియాన్ 1566లోనే పోయింది.

క్లూయే వేసిన సుద్ద బొమ్మ ఒకటి ఫ్రాన్స్‌లోని షాంతియి మ్యూజియంలో ఉంది. విల్లు లేదు, నెలవంక లేదు. వితంతువు తలగుడ్డ కట్టుకున్న నడివయసు మనిషి. నాకైతే ఆమెకు దగ్గరగా వెళ్లినట్టు అనిపించేది ఆ ఒక్క బొమ్మ దగ్గరే.

1559 జూన్ 30న హెన్రీ డియాన్ రంగులతోనే ఈటెల పోటీకి దిగాడు. ప్రత్యర్థి ఈటె విరిగి కంట్లో దిగింది, పది రోజులకు పోయాడు. కేథరీన్ ఆమెను ఆ మంచం దగ్గరికి రానివ్వలేదు. రాచనగలు వెనక్కి తీసుకుంది. షోమాన్ కోట ఇచ్చి షెనాన్సో లాక్కుంది. డియాన్ నది మీద కట్టించిన వంతెన మీదే తర్వాత తన గ్యాలరీ లేపింది. ఇవాళ టూరిస్టులు ఫొటోలు తీసుకునేది దాన్నే.

ముసలితనంలో ఆమెను చూసిన ఆ కాలపు రచయిత బ్రాంతోమ్, ఇంకా ముప్పై ఏళ్ల మనిషిలా ఉందని రాశాడు. పొద్దున్నే బంగారం కలిపిన ద్రవాలేవో తాగేదన్న మాట కూడా అతని రాతల్లోదే. రాజాస్థానాల కబుర్లు చెప్పడంలో బ్రాంతోమ్ సిద్ధహస్తుడు కాబట్టి దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఫ్రెంచ్ విప్లవ కాలంలో, 1795లో ఆమె సమాధి తవ్వి ఎముకల్ని బయట గోతిలో పడేశారు. 2008లో ఆనేలో ఆ గోతిని మళ్లీ తవ్వారు. చివరి రోజుల్లో ఆమె గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి తెలుసు. దొరికిన ఎముకల్లో అలా విరిగి అతుక్కున్న కాలు ఒకటి ఉంది. కోటలో దాచిన ఆమె వెంట్రుకల్ని పరీక్షిస్తే మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బంగారం బయటపడింది. బ్రాంతోమ్ మాటకు నాలుగు వందల ఏళ్ల తర్వాత సాక్ష్యం దొరికింది. ఒంట్లో అంత బంగారం చేరడం వల్ల ఆమె ఆరోగ్యం దెబ్బతిని ఉండవచ్చని పరిశోధకులు అన్నారు. ఆ ఎముకల్ని 2010లో తిరిగి ఆనే ప్రార్థనా మందిరంలో పెట్టారు.