కంటికి కనిపించని వాటి లెక్క

గుంటూరుకు దగ్గరలోని ఉప్పలపాడు చెరువు గట్టు మీద సాయంత్రం వేళ నిలబడితే, నీటి మధ్యనున్న చెట్ల కొమ్మలు కనిపించనంతగా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు వాలి ఉంటాయి. చూడవచ్చిన వారిలో ఒకరైనా "మొత్తం ఎన్ని ఉంటాయి?" అని అడగక మానరు. వేలు చూపుతూ లెక్కించడం మొదలుపెడితే ఆ అంకె ఎక్కడా నిలవదు. వెనుక కొమ్మల మీదివి కనిపించవు, కొన్ని మేతకు పోయి ఉంటాయి, లెక్కలోకి వచ్చినవే లేచి ఇంకో చెట్టు మీద వాలి మళ్ళీ లెక్కలోకి వస్తాయి. అందుకే పక్షి శాస్త్రవేత్తలు గుడ్లు పెట్టే కాలంలో పక్షులను వదిలి గూళ్ళను లెక్కిస్తారు. గూడు ఎగిరిపోదు. ఒక గూటికి ఒక జంట అని తెలుసు కాబట్టి, గూళ్ళ సంఖ్యను రెట్టింపు చేస్తే ఆ సమయానికి గుడ్లు పెడుతున్న పెద్ద పక్షులు ఎన్నో సుమారుగా తేలుతుంది. గూడు కట్టని కుర్ర పక్షులు మాత్రం ఆ లెక్కకు అందవు.

ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు ఎక్కడ ఉన్నాయన్న ప్రశ్న ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. జిల్లా పటం మీద గళ్ళు గీసి, చీటీలు తీసి ఎంచుకున్న వంద గళ్ళలో గూడబాతులను వెతికితే, దాదాపు అన్ని గళ్ళలోనూ సున్నాయే వస్తుంది. ఉప్పలపాడు పడిన గడిలో మాత్రం గుట్టలుగా వస్తాయి. ప్రకృతిలో జీవులు సమాన దూరాలు పాటించడం అరుదు. నీరు, మేత, తోడు ఉన్నచోటికి చేరి గుంపు కట్టడమే ఎక్కువ. ఈ సంగతిని మన వరి రైతులు ఒక పురుగు పేరులోనే దాచిపెట్టారు. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే దోమ వల్ల చేను ఒకేసారి ఎండిపోదు, అక్కడక్కడ గుండ్రని సుడులుగా ఎండుతుంది, అందుకే దానిని సుడిదోమ అన్నారు. పది దుబ్బులు దులిపితే సగటున ఐదేసి దోమలు తేలాయనుకుందాం. ప్రతి దుబ్బులో ఐదు చొప్పున ఉన్నా సగటు అదే, తొమ్మిదింటిలో సున్నా ఉండి పదో దానిలో యాభై ఉన్నా సగటు అదే. ఈ రెండు చేలనూ వేరుచేసి చూపేది సగటు కాదు, అంకెల్లోని హెచ్చుతగ్గులు. జీవులు ఏ పద్ధతీ లేకుండా చెదిరి ఉంటే హెచ్చుతగ్గులను కొలిచే విస్తృతి సగటుకు ఇంచుమించు సమానమవుతుంది, గుంపు కట్టి ఉంటే దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. గట్టు పక్కనున్న నాలుగు దుబ్బులు చూసి ఇంటికి వెళ్ళిన వాడు మోసపోయేది ఇక్కడే.

అసలు కంటికి కనబడని జీవుల విషయంలో ఉపాయాలు మరింత ఆసక్తికరంగా ఉంటాయి. కృష్ణా డెల్టా పొలాల్లో ఎలుకల తీవ్రతను చూడటానికి సాయంత్రం బొరియల నోళ్ళన్నీ మట్టితో మూసి, మరునాటి ఉదయం ఎన్ని తెరుచుకున్నాయో లెక్కిస్తారు. తెరుచుకున్నది బతికున్న బొరియ. ఇది ఎలుకల సంఖ్య కాదు, దాని జాడ మాత్రమే, అయితే మందు పెట్టకముందు, పెట్టాక ఎంత తేడా వచ్చిందో చెప్పడానికి ఆ జాడ చాలు. సంఖ్యే కావాలంటే, బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదుల పనిలోనే దానికి దారి ఉంది. అవే బుట్టలు, అదే పొలం. మొదటి రాత్రి 40, రెండో రాత్రి 20 పడ్డాయనుకుందాం. పట్టు సగానికి పడిపోయిందంటే, మొదటి రాత్రే ఉన్నవాటిలో సగం పోయాయన్నమాట, కనుక మొదట ఉన్నవి 80. ఈ తర్కాన్నే విస్తరించి లెస్లీ, డేవిస్ అనే శాస్త్రవేత్తలు ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ ఎలుకల సంఖ్యను అంచనా వేసి 1939లో ప్రచురించారు. రెండో రాత్రి ఎలుకలు బుట్టలను చూసి జడిసినా, పక్క పొలం నుంచి కొత్తవి వచ్చినా లెక్క తలకిందులవుతుంది. పందికొక్కు తెలివి సంగతి మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

పట్టి చంపకూడని జంతువులకు గుర్తుపెట్టి వదలడం మరో మార్గం. పల్నాడు, నల్లమల మీదుగా సాగే నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిలో పులికి ఆ గుర్తు పుట్టుకతోనే ఉంది, ఎందుకంటే వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. బాటల పక్కన అమర్చిన కెమెరాల్లో మొదటి విడతలో 20 పులులు, రెండో విడతలో 15 పడ్డాయని, ఆ 15లో 10 పాతవేనని అనుకుందాం. రెండో విడతలో మూడింట రెండు వంతులు మనకు ముందే తెలిసినవి కనుక, మొదటి 20 కూడా మొత్తంలో మూడింట రెండు వంతులే. అంటే అడవిలో 30 ఉన్నాయి. రెండు విడతల్లో కలిపి చూసినవి 25, చూడకుండానే లెక్కలోకి వచ్చినవి 5. మన దేశంలో 2022 పులుల గణనలో ఫొటోలకు చిక్కిన వేర్వేరు పులులు 3,080 కాగా, అంచనా 3,682. మిగిలినవి కెమెరాల ముందుకు రానివి, కెమెరాలు పెట్టని చోట్ల తిరిగేవి. అంతకుముందు పాదముద్రలను బట్టి లెక్కించిన కాలంలో రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉంటూనే ఉన్నాయి. 2005 నాటికి అడవిలో ఒక్కటీ లేదని తేలింది.

అయితే లేదనడం ఉందనడం కంటే కష్టం. కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లి ఎక్కువగా రాత్రిపూటే బయటికి వస్తుంది. ఒక పాయ ఒడ్డున అది ఉండి కూడా ఒక రాత్రి కెమెరాకు చిక్కే అవకాశం సగమేనని అనుకుంటే, ఐదు రాత్రులు వరుసగా చిక్కకపోయే అవకాశం 32లో ఒకటి. అందుకే ఒకే చోటికి పదేపదే వెళ్ళి, దొరికిన రాత్రులనూ దొరకని రాత్రులనూ కలిపి ఆ "సగం" నిజంగా ఎంతో ముందు తేల్చుకుంటారు. అది తేలాకే ఆ పాయ ఎదుట సున్నా రాస్తారు.