'గో' ఇంటికి దత్తత వచ్చిన 'వెంట్'

తిరుపతిలో డిగ్రీ చదివే ఒకమ్మాయి ఈమధ్య అడిగింది: "సార్, 'టాక్'కు 'టాక్డ్' అయినప్పుడు 'గో'కు 'గోయెడ్' ఎందుకు కాలేదు? 'వెంట్'లో 'గో' వాసనే లేదే!" మన క్లాసుల్లో దీనికి దొరికే జవాబు ఒకటే: అది ఇర్రెగ్యులర్, బట్టీ పట్టు. ఇంత మంచి ప్రశ్నను అలా నొక్కేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు.

'వెంట్' అసలు 'గో'ది కానే కాదు. సెండ్-సెంట్, బెండ్-బెంట్, లెండ్-లెంట్ వరసలోనే వెండ్-వెంట్. 'వెండ్' అంటే మొదట్లో తిరగడం, తిప్పడం. తర్వాత దారి పట్టి పోవడం అనే అర్థమూ వచ్చింది. పాత ఇంగ్లీషులో 'గో'కు భూతకాల రూపం 'ఏయొదె'. అదీ వేరే ధాతువుదే! 15వ శతాబ్దానికల్లా అది దాదాపు మూలపడింది, 'గో' ఇల్లు 'వెంట్'ను దత్తత తీసుకుంది. కన్నబిడ్డ పరాయింటికి పోయాక 'వెండ్' ఇంకొకణ్ణి కనాల్సి వచ్చింది, వాడే 'వెండెడ్'. దత్తు పోయినవాడు పెద్దింట్లో ఎంతగా కలిసిపోయాడంటే, పాత చుట్టరికం ఇంగ్లీషువాళ్లకే తట్టదు. 'గాన్' మాత్రం 'గో' సొంత బిడ్డే. స్కాట్లండులో దత్తత లేకుండానే 'గేడ్' అనే రూపం పుట్టింది.

మరి ఈ వంకర రూపం ఇన్నేళ్లు ఎలా నిలిచింది? నోట్లో ఎప్పుడూ నానుతుండబట్టి. ఇంగ్లీషు పిల్లలు కూడా ఒక దశలో 'గోయెడ్' అంటుంటారు. 'వెంట్' చెవిన పడీ పడీ దాన్ని తోసేస్తుంది. అరుదైన మాటకు ఆ కాపలా ఉండదు. 2007లో 'నేచర్'లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పాత ఇంగ్లీషు నుంచి వాళ్లు ఎంచుకున్న 177 ఇర్రెగ్యులర్ క్రియల్లో ఇప్పటికి అలాగే ఉన్నవి 98. క్రియ అర్ధాయువు, అంటే అలాంటి క్రియల్లో సగం రెగ్యులర్ దారికి రావడానికి పట్టే కాలం, దాని వాడకపు వర్గమూలానికి అనులోమం: వంద రెట్లు తక్కువ వాడే క్రియ పది రెట్లు వేగంగా దారికొస్తుంది.

మన 'రా', 'వచ్చాడు' కూడా రెండు వేర్వేరు క్రియల్లాగే వినిపిస్తాయి. కానీ ఇక్కడ దత్తత లేదు. చిత్తూరులో వేలూరు బస్సు కోసం నిలబడి వినండి. మనవాళ్లు "బస్సు రాలే" అంటారు, పక్కనున్న తమిళాయన "బస్ వరలే" అంటాడు. ఆ 'వర', మన 'రా' ఒకటే. తెలుగులో పూర్వం మొదటి అచ్చూ దాని పక్క హల్లూ చోట్లు మార్చుకున్నాయి. 'వర' కాస్తా 'వ్రా' అయింది, ముందున్న వకారం జారిపోయి 'రా' మిగిలింది. గీయడం, రాయడం అనే అర్థమున్న తమిళ 'వరై'కి మన 'వ్రాయు', 'రాయు' చుట్టాలైందీ, 'ఇరండు'కు 'రెండు' చుట్టమైందీ ఇలాగే. 'వచ్చాడు'లో వకారం చెక్కుచెదరలేదు, ఎందుకంటే చోటు మార్చుకోవడానికి అక్కడ రకారమే లేదు. తమిళంలోనూ అది 'వందాన్'.